ఆట దుంగలు ఊగకుండా ఉండాలంటే

ప్రకృతి వనంలో పిల్లలు గెంతడానికి పాతిన దుంగలు రెండు వానలకే ఊగిపోతుంటే టెన్షనే. సిమెంటు అక్కర్లేదు.

60 సెంటీమీటర్ల దుంగకి 35 సెంటీమీటర్ల లోతు గుంత తీయండి. అడుగున 10 సెంటీమీటర్లు కంకర పోసి, దాని మీద దుంగ నిలబెట్టండి. మట్టి ఒకేసారి నింపేయొద్దు. నాలుగు వేళ్ల మందాన పోస్తూ, ప్రతి పొరనీ కర్రతో గట్టిగా కూరాలి. కిటుకంతా ఇక్కడే ఉంది, తొందరపడితే మళ్లీ ఊగుతుంది. బెరడు ముందే ఒలిచేయండి, దాని కింద తడి నిలిస్తే దుంగ త్వరగా కుళ్లుతుంది.

నీళ్లు నిలిచే నేలలో మాత్రం ఇది పనిచేయదు, కంకర ఉన్నా మొదలు కుళ్లిపోతుంది. తవ్వేటప్పుడు చెట్టు వేరు తగిలితే నరకకండి, గుంతనే పక్కకు జరపండి.