నీటితోట – అయిదో పాఠం: నాచును గుర్తుపట్టడం, అదుపు చేయడం

గత పాఠంలో అక్వేరియం తొట్టిలో నాటిన వాలిస్నేరియా, హైగ్రోఫిలా అనే నీటి మొక్కలు ఈపాటికి వేరు పట్టి ఉంటాయి. వాటితోపాటు మీరు నాటనిది కూడా ఒకటి మొదలై ఉంటుంది. అద్దం మీద పచ్చటి చుక్కలు, ఆకుల అంచున నూగు, ఇసుక మీద గోధుమరంగు పొడి. దుకాణానికి వెళ్లి చెబితే నాచు చంపే మందు సీసా చేతిలో పెడతారు. ఈ పాఠం పూర్తయ్యేదాకా అది కొనకండి. అలాంటి మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది. రొయ్యలకూ నత్తలకూ అది విషం. పైగా నాచు ఎందుకు వచ్చిందో ఆ కారణం తొట్టిలోనే ఉంటుంది కాబట్టి, చచ్చిన నాచు స్థానంలో కొత్తది వస్తుంది.

ముందు వేలితో చూడండి

చేతులు సబ్బు లేకుండా కడుక్కుని అద్దాన్ని వేలితో రుద్దండి. గోధుమరంగు పొడి తాకగానే లేచిపోతే అవి డయాటమ్‌లు అనే సూక్ష్మ నాచు. కొత్త తొట్టిలో మొదటి వారాల్లో వచ్చి వాటంతటవే తగ్గుతాయి. తుడిచి ఊరుకోండి.

వేలికి లొంగని గుండ్రటి పచ్చని చుక్కలు మరో రకం. గాజు తొట్టి అయితే పాత ఏటీఎం కార్డు అంచుతో గీకితే రాలిపోతాయి. జుట్టులా సాగే దారపు నాచులోకి పాత టూత్‌బ్రష్ దూర్చి ఒకే దిక్కుకు తిప్పండి, చాలా భాగం దానికే చుట్టుకుని వస్తుంది. నీలం కలిసిన పచ్చటి పొర పలకలు పలకలుగా ఊడుతూ, కుళ్లిన బురద వాసన వేస్తుంటే అది నాచు కానే కాదు, సయనోబ్యాక్టీరియా. నీరు కదలని మూలల్లో, నైట్రేట్ బాగా తగ్గిపోయిన తొట్టిలో ఎక్కువగా పడుతుంది. దానికి యాంటీబయాటిక్ వేయమనేవారున్నారు. ఫిల్టర్‌లోని మేలుచేసే బ్యాక్టీరియాను కూడా పణంగా పెట్టే ఆ వైద్యం నాకు నచ్చదు. పొరను పైపుతో పీల్చేసి, ఫిల్టర్ నీటి ధారను ఆ మూలకు తిప్పి చూడండి.

అన్నిటికన్నా మొండిది నల్లగడ్డం నాచు. అనూబియాస్ అనే నీటి మొక్క ఆకు అంచున పొట్టి నల్లటి కుచ్చులా మొలుస్తుంది. లాగితే ఆకు చిరుగుతుంది కానీ కుచ్చు ఊడదు. చూపుకు నల్లగా ఉన్నా ఇది ఎర్ర నాచుల వర్గానికి చెందినది. ఒక కుచ్చు కత్తిరించి స్పిరిట్‌లో వేస్తే కాసేపటికి ఎరుపు బయటపడుతుంది. గుర్తుపట్టడంలో అనుమానం ఉంటే ఈ పరీక్ష చేయండి.

కాంతి

విశాఖలో నేను చూసిన నాచు తొట్లలో చాలావాటికి మందు అక్కర్లేదు, చోటు మారిస్తే చాలు. బీచ్ రోడ్డు వైపో, ఎంవీపీ కాలనీలోనో తూర్పు బాల్కనీ ఉన్న ఫ్లాటు అంటే పొద్దున్నే ఎండ నేరుగా హాల్లోకి వస్తుంది. తొట్టి అందంగా మెరుస్తుందని అక్కడే పెడతారు. సాయంత్రం మళ్లీ ఎల్‌ఈడీ దీపం అర్ధరాత్రి దాకా. అంత కాంతిని వాడుకోగల మొక్కలు తొట్టిలో ఉండవు, మిగిలినది నాచు వాడుకుంటుంది. తొట్టిని కిటికీకి దూరంగా జరపండి, కుదరకపోతే వెనుక అద్దానికి నల్ల కాగితం అంటించండి. దీపానికి టైమర్ పెట్టి రోజుకు 6 గంటలకు కుదించండి. చేత్తో వేసి ఆర్పే దీపం ఏ ఇంట్లోనూ వేళకు ఆరదు.

నీరే పచ్చగా మారి వెనుక మొక్క కనబడకపోతే అది నీటిలో తేలే ఏకకణ నాచు. దీపం ఆపి, తొట్టికి దుప్పటి కప్పి 3 రోజులు పూర్తి చీకటిలో ఉంచండి. తర్వాత సగం నీరు మార్చండి. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని చేసేటప్పుడు మాత్రం ఎయిర్ పంపు ఆపకూడదు. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల వద్ద ఏడున్నరే కరుగుతుంది. చీకటిలో మొక్కలూ, చచ్చే నాచూ దాన్నే వాడుకుంటాయి. నీటిపై ఫ్యాను పెడితే చల్లబడుతుందన్న మాట నిజమే కానీ, మన సముద్రపు గాలిలో తేమ వల్ల నీరు తక్కువగా ఆవిరవుతుంది, చల్లదనమూ ఆ మేరకే. మూత తీసి గదిలో గాలి ఆడనివ్వండి.

ఎరువు మానకండి

నాచు కనబడగానే ఎరువు ఆపేయమనే సలహా మీకు తప్పక వినిపిస్తుంది. మొక్క ఆకలితో ఆగిపోతే ఆకులు పాడై నీటిలోకి పోషకాలు వదులుతాయి. నాచుకు కావలసింది అతి కొద్దిగా కనుక అది ఆగదు. అద్దంపై ఆ మొండి చుక్కలు ఫాస్ఫేట్ మరీ తక్కువైన తొట్టిలోనే ఎక్కువగా కనబడతాయి. తగ్గించాల్సింది చేపల మేత. రెండు నిమిషాల్లో తినేసేంత వేస్తే చాలు. వారానికోసారి మూడోవంతు నీరు మార్చండి. కుళాయి నీరైతే క్లోరిన్ విరుగుడు కలపడం మరవకండి.

నల్లగడ్డానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేస్తుంది. మందుల దుకాణంలో సాధారణంగా దొరికేది 6 శాతం ద్రావణం. సమానంగా నీరు కలిపితే 3 శాతం అవుతుంది. ఫిల్టర్ ఆపి, సూది తీసిన సిరంజితో కుచ్చు మీదే మెల్లగా వదలండి. 100 లీటర్ల తొట్టికి ఒక విడతలో ఈ 3 శాతం ద్రావణం 25 మిల్లీలీటర్లు మించవద్దు. బుడగలు వస్తాయి. పది నిమిషాల తర్వాత ఫిల్టర్ వేయండి. కొన్ని రోజుల్లో కుచ్చు గులాబీ రంగుకు మారితే చచ్చినట్టే. రొయ్యలు ఉంటే మోతాదు సగానికి తగ్గించండి.

నాచు తినే చేపల సంగతి. దుకాణంలో సక్కర్ పేరుతో ఇచ్చే చేప అడుగు దాకా పెరిగి మొక్కలను పెకిలిస్తుంది. కొనకండి. ఇప్పటికే ఉంటే, పెద్దదైందని ముడసర్లోవ జలాశయంలో వదలకండి. ఈ జాతి మన రాష్ట్రంలో చేపల చెరువుల్లోకి చేరి రైతులకు తలనొప్పిగా ఉంది. దాని బదులు నెరైట్ నత్తలు మంచివి. మంచినీటిలో వాటి గుడ్లు పొదగవు కాబట్టి సంఖ్య పెరగదు.

ఈ వారం పని

ఒక మొక్కను ఎంచుకుని, నాచు పట్టిన ముదురు ఆకులను మొదలు దాకా కత్తిరించండి. అవి తిరిగి బాగుపడవు. ఆ తర్వాత వచ్చే కొత్త ఆకును మాత్రమే గమనించండి. అది శుభ్రంగా వస్తే వారం తర్వాత దీపాన్ని అరగంట పెంచవచ్చు. దానిపైనా నూగు కనబడితే 6 గంటల దగ్గరే మరో వారం ఉంచి, ఆరో పాఠంలోని కార్బన్ డై ఆక్సైడ్ అమరికకు వచ్చేటప్పుడు ఆ ఆకు ఫోటో దగ్గర పెట్టుకోండి.