కుక్క ఎదురైతే స్టాచ్యూ

"బువ్వ తినకపోతే బౌబౌకి పట్టిస్తా" అనడం ముందు మానేయండి. ఆ మాటతో పెరిగిన పిల్ల, బడికెళ్లే వయసొచ్చాక వీధికుక్క కనపడగానే కేక పెట్టి పరుగందుకుంటుంది. పరిగెత్తేదాన్ని తరమడం కుక్క నైజం.

మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో సాయంత్రం ఆడుకునే పిల్లలకి నేను నేర్పేది స్టాచ్యూ ఆటే. "కుక్క!" అని అరుస్తాను. ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవాలి. చేతులు ఒంటికి ఆనించాలి, చూపు కాలి బొటనవేళ్ల మీద ఉండాలి, నోరు మెదపకూడదు. నిజం కుక్కైతే వాసన చూసి దాని దారిన అది పోతుంది. అప్పుడు వీపు చూపించకుండా మెల్లగా పక్కకి జరగాలి. కింద పడేస్తే మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, పిడికిళ్లతో చెవులు, చేతులతో మెడ కప్పుకోవాలి. సైకిల్ వెంట పడితే దిగి, సైకిల్‌ని మధ్యలో అడ్డం పెట్టుకోవాలి. పిల్లలకి ఇదంతా భలే సరదా. పెద్దవాళ్లకే "పరిగెత్తరా!" అనే అలవాటు పోదు.

తింటున్న కుక్క, పడుకున్న కుక్క, బాలింత కుక్క: ఈ మూడింటి జోలికి వెళ్లకూడదు. ఎండాకాలం కారు కింద నిద్రపోయేదాన్ని కర్రతో పొడవడం వీరత్వం కాదని మగపిల్లలకి కాస్త గట్టిగానే చెప్పాలి.

పెంపుడు కుక్కతో ఇంకా జాగ్రత్త. మా మూడో అంతస్తు లాబ్రడార్ లిఫ్ట్ దగ్గర కనపడితే చాలు, ఓ పాప దాని మెడకి చుట్టేసుకుంటుంది. అందరూ "ఎంత ఓపికో!" అని ఫోటోలు తీస్తారు. కుక్కని చూడండి: మొహం పక్కకి తిప్పేసింది, మూతి నాక్కుంటోంది, కంటి తెల్లగుడ్డు కనపడుతోంది. వదలమని దాని భాషలో అడుగుతోంది. తోక ఊపుతోందిగా అంటారు. బిగదీసి, నిక్కబొడిచి ఊపే తోక స్నేహం కాదు. ముందు యజమానిని అడగాలి. తర్వాత నిలబడి కుక్కనే దగ్గరికి రానివ్వాలి. వస్తే రొమ్ము మీద కాసేపు నిమిరి, చెయ్యి తీసేయాలి. ఇంకా కావాలంటే అదే ఆనుకుంటుంది. తల మీద తట్టడం, ముద్దులు వద్దు.

కరిస్తే, గోరు గీరుకుని చర్మం లేచినా సరే, కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ టీకా చర్మంలోకి ఇస్తే 0 (మొదటి సూది రోజు), 3, 7, 28 రోజుల్లో వేస్తారు, కండకి ఇస్తే 14వ రోజుది కూడా ఉంటుంది. రక్తం వస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా అవసరం. చెవికి కత్తిరింపు ఉన్న వీధికుక్కకి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తోపాటు రేబిస్ టీకా వేసి ఉంటారు, నిజమే. ఆ ధీమాతో ఇంట్లో కూర్చోవద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు.

తిడతారని దాచే పిల్లలు చాలామంది. "దాని దగ్గరికి ఎందుకెళ్లావ్?" అన్న ప్రశ్న రాత్రికి అడగొచ్చు, ముందు కుళాయి దగ్గరికి నడిపించండి.