పికప్ వైరింగ్ మార్చే ముందు

సోల్డరింగ్ ఐరన్ వేడి పెట్టే ముందు రెండు పనులు ఉన్నాయి. ఎలక్ట్రిక్ గిటార్ లోపలి వైర్లన్నిటినీ దగ్గరగా ఫొటో తీసుకోండి. తర్వాత ప్రతి పికప్ (స్ట్రింగ్స్ కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) రెసిస్టెన్స్‌నూ మల్టీమీటర్‌తో కొలిచి రాసిపెట్టుకోండి. ఒకే తీగచుట్ట ఉండే మామూలు సింగిల్ కాయిల్ అయితే దాదాపు 6 కిలో ఓమ్‌లు, రెండు చుట్టలుండే హంబకర్ అయితే 8 ఉంటుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువే. ఈ అంకె మీ దగ్గర ఉంటే తర్వాత పని సులువవుతుంది. 8 చూపించే హంబకర్‌ను స్ప్లిట్ చేస్తే, అంటే ఒక చుట్టనే వాడితే, దాదాపు 4, రెండు చుట్టల్నీ ప్యారలల్‌లో పెడితే 2 రావాలి. మీటర్ అసలేమీ చూపించకపోతే ఎక్కడో వైరు తెగినట్టే.

ఎక్కువ భయపడాల్సింది పికప్‌లోని ఆ తీగచుట్ట, అంటే కాయిల్ గురించే. దాని తీగ మందం సుమారు 0.06 మిల్లీమీటర్లు. అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ను లాక్కుందంటే ఒక్క గీతతో పికప్ పోయినట్టే, మళ్లీ చుట్టించాలి. పని చేయని వైపు అట్టముక్క అడ్డం పెట్టండి. పాతరకం సింగిల్ కాయిల్స్‌లో తీగను నేరుగా అయస్కాంతాల మీదే చుడతారు, కాబట్టి ఎత్తు సరిచేద్దామని వాటిని నొక్కకండి.

వైర్ల రంగుల్ని నమ్మితే మోసపోతారు. సిగ్నల్ మోసే హాట్ వైరు సీమోర్ డంకన్ కంపెనీ పికప్‌లలో నలుపు, డిమార్జియోలో ఎరుపు. ఏ కంపెనీ పికప్‌కి ఆ కంపెనీ డయాగ్రమే చూడాలి. రెండు పికప్‌లు కలిపి వాయిస్తే శబ్దం పల్చగా, ముక్కుతో పాడినట్టు వస్తే ఫేజ్ తిరగబడి, ఒకదాని సిగ్నల్ రెండోదాన్ని కొట్టేస్తోందన్నమాట. ఒకదాని వైర్లు అటూ ఇటూ మార్చేస్తే సరిపోతుంది. కానీ మెటల్ కవర్ ఉంటే దాని గ్రౌండ్‌ను ముందు విడిగా తీయాలి, లేదంటే కవర్‌ను తాకినప్పుడల్లా బజ్ వస్తుంది.

వేడి విషయంలో తక్కువ వాట్ల ఐరనే ఎక్కువ ప్రమాదం. పాట్ (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే భాగం) వెనకభాగం వేడెక్కాలని ఎంతోసేపు పట్టుకుంటే లోపలి ట్రాక్ కాలిపోతుంది. 40 వాట్లు దాటిన ఐరన్, వెడల్పు మొన తీసుకుని, ఉపరితలాన్ని కాస్త గీకి, రెండు మూడు సెకన్లలో ముగించండి. పైపులకు వాడే యాసిడ్ ఫ్లక్స్ అసలు వద్దు. బాడీ మీద మందపాటి గుడ్డ పరవండి, కళ్లద్దాలు పెట్టుకోండి, సోల్డర్‌లో సీసం ఉండొచ్చు కాబట్టి చేతులు కడుక్కోండి.

హంబకర్‌ను స్ప్లిట్ చేస్తే హమ్ (గుయ్యిమనే రొద) తిరిగొస్తుంది. నన్నడిగితే ముందు ప్యారలల్ ప్రయత్నించండి, హమ్ రాకుండానే టోన్ తేలికవుతుంది.

స్ట్రింగ్స్ వేయకముందే యాంప్‌ను తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, పికప్ పైభాగాన్ని స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తట్టి చూడండి. యాంప్‌ను మాత్రం విప్పొద్దు. ట్యూబ్ యాంప్ కెపాసిటర్లలో ప్లగ్ తీసేశాక కూడా వందల వోల్టులు నిల్వ ఉండొచ్చు.