క్యారెక్టర్ షీట్‌తో ఫిట్‌నెస్ లెక్క

రోల్‌ప్లేయింగ్ ఆటల్లో మన పాత్ర స్కోర్లు రాసుకునే కాగితమే క్యారెక్టర్ షీట్; వ్యాయామానికీ అలాంటిదే పెట్టుకోవచ్చు. షీట్‌లో మొదట రెండే స్కోర్లు పెట్టండి: బలం, దమ్ము.

బలానికి స్క్వాట్ (భుజాల మీద బార్‌తో గుంజీలా కూర్చుని లేవడం) చాలు. ఎత్తిన బరువు × (1 + రెప్స్ ÷ 30) అనే ఎప్లీ సూత్రంతో ఒక్కసారి ఎత్తగల గరిష్ఠ బరువుని అంచనా వేయవచ్చు; రెప్స్ అంటే వరసగా ఎన్నిసార్లు చేశారో ఆ లెక్క. 60 కిలోలు ఐదు రెప్స్ చేస్తే 70 కిలోలు. దాన్ని ఒంటి బరువుతో భాగించి పదితో గుణించండి. మీరూ 70 కిలోలే ఉంటే బలం 10. పది రెప్స్ దాటితే ఈ సూత్రాన్ని నమ్మలేం. దమ్ముకి కూపర్ పరుగు: 12 నిమిషాల్లో ఎన్ని మీటర్లో చూసి 200తో భాగించండి. 2000 మీటర్లకి 10. రెండూ నాలుగు వారాలకోసారి కొలిస్తే సరిపోతుంది.

ఎక్స్‌పీ (ఆటలో లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు) మాత్రం చేసిన పనికే ఇవ్వాలి, తగ్గిన బరువుకి వద్దు. ఒంట్లో నీటి వల్లే ఒక్క రోజులో కిలో అటూ ఇటూ అవుతుంది; దానికి పాయింట్లు పెడితే నీళ్లు తాగడం మానేసే ప్రమాదం ఉంది. బరువు రోజూ పొద్దున్నే చూసి, వారం సగటు ఒక్కటే రాసుకోండి.

ఒక్కో సెషన్‌కి 25 ఎక్స్‌పీ. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ ఆట ఐదో ఎడిషన్ పట్టికలో రెండో లెవెల్‌కి మొత్తం 300, మూడో దానికి 900, నాలుగో దానికి 2700 కావాలి. వారానికి మూడు సెషన్లయితే రెండో లెవెల్ నాలుగు వారాల్లో వస్తుంది, మూడోదానికి ఇంకో ఎనిమిది, నాలుగోదానికి మరో ఇరవై నాలుగు. కొత్తలో బలం చకచకా పెరిగి తర్వాత నెమ్మదించే తీరుకి ఈ పట్టిక భలే సరిపోతుంది!

వార్మప్ ఏది చేయాలో డైస్‌కి వదిలేయండి, బార్ మీద ఎంత బరువు వేయాలో మాత్రం ఎప్పుడూ దానికి వదలొద్దు.