కొండల్లోని సరస్సుకు ఒక్కరోజు నడక: బయలుదేరే ముందు జాగ్రత్తలు

• ముందుగా సమయం లెక్క వేసుకోండి. దూరానికి గంటకు 5 కిలోమీటర్ల చొప్పున, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. విరామాలు ఇందులో లేవు. ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో ఇంట్లోనే నిర్ణయించుకోండి. సరస్సు కంటి ముందే కనిపిస్తున్నా ఆ గడువు దాటవద్దు. అన్నిటికన్నా పాటించడం కష్టమైన నియమం ఇదే, ప్రాణాలు కాపాడేదీ ఇదే.

• వేసవిలో ఎత్తైన కొండలపై మధ్యాహ్నం దాటాక ఉరుములు, పిడుగులు మామూలే. తెల్లవారకముందే నడక మొదలుపెట్టండి.

• వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. తడిసిన నూలు బట్టలు త్వరగా ఆరవు, ఒంటిని చల్లబరుస్తాయి. ఉన్ని దుస్తులు, వాన కోటు తప్పనిసరి.

• 2500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం మొదలైతే ఇక పైకి ఎక్కవద్దు. తగ్గకపోతే వెంటనే కిందికి దిగండి.

• ఆఫ్‌లైన్ మ్యాపు (ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసేది), హెడ్‌ల్యాంప్ (తలకు కట్టుకునే దీపం), విజిల్ వెంట ఉంచుకోండి.

• సరస్సు నీరు ఎంత తేటగా ఉన్నా మరిగించకుండా తాగవద్దు. 2000 మీటర్ల పైన 3 నిమిషాలు మరగాలి. ఈతకు అసలే దిగవద్దు: మంచు కరిగిన నీటిలో ఒక్కసారిగా ఊపిరి అదుపు తప్పుతుంది.

• ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఒకరికి రాసి ఇవ్వండి.