కొత్త టర్న్ బేస్డ్ స్ట్రాటజీ గేమ్ ముందే కొనేవాళ్లు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

వంతుల వారీగా ఆడే ఈ తరహా గేముల్లో మొదటి యాభై టర్నులు దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటాయి. చేతిలో ఒక్క ఊరు, చుట్టూ చూడని మ్యాప్, ఎటు వెళ్లినా ఏదో ఒకటి దొరుకుతుంది. లోపాలు బయటపడేది ఊళ్లు పెరిగి, యుద్ధాలు ముదిరాక. డెమోలు, విడుదలకు ముందు వచ్చే వీడియోలు ఎక్కువగా ఆ మొదటి భాగమే చూపిస్తాయి. వాటిని నమ్మి డబ్బు కట్టకండి.

సివిలైజేషన్ 7 (సివ్ 7) గేమ్ సంగతే చూడండి. 2025 ఫిబ్రవరి 11న విడుదలైంది, ఖరీదైన ఎడిషన్ కొన్నవాళ్లకు 6వ తేదీనే తెరిచారు. గెలిచాక కూడా ఆట కొనసాగించే 'వన్ మోర్ టర్న్' అప్పటికి లేదు, పెద్ద సైజు మ్యాపులూ లేవు. రెండూ తర్వాతి అప్‌డేట్లలో వచ్చాయి. మెనూల మీద మాత్రం మొదటి రోజు నుంచే ఫిర్యాదులు.

కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో రిఫండ్ కావాలంటే కొన్న 14 రోజుల్లో అడగాలి, ఆడిన సమయం 2 గంటల లోపే ఉండాలి. ముందే బుక్ చేసుకుంటే 14 రోజులు విడుదల నుంచి లెక్క. కానీ విడుదలకు ముందు తెరిచిన రోజుల్లో ఆడిన సమయం కూడా ఆ 2 గంటల్లోకే వస్తుంది. 2024 ఏప్రిల్ నుంచి ఇదీ నియమం. మెయిన్ మెనూ తెరిచిపెట్టి భోజనానికి వెళ్లినా టైమ్ నడుస్తూనే ఉంటుంది.

అందుకే ఆ రెండు గంటలు పరీక్షకే వాడండి. ముందు అక్షరాల సైజు, రిజల్యూషన్ సరిచూసుకోండి. తర్వాత ఉన్నవాటిలో పెద్ద మ్యాప్, ఎక్కువ మంది ప్రత్యర్థులు, వీలైతే చివరి యుగం ఎంచుకోండి. సివ్ 6, 7 రెండింటిలోనూ తర్వాతి యుగం నుంచి మొదలుపెట్టే వీలుంది. 'నెక్స్ట్ టర్న్' నొక్కాక మళ్లీ మీ వంతు రావడానికి ఎన్ని సెకన్లు పడుతోందో ఫోన్‌లో కొలవండి. టర్నుల కొద్దీ ఆ సమయం పెరుగుతూ పోతే భారం ప్రాసెసర్ మీద పడుతోందని అర్థం. గ్రాఫిక్స్ తగ్గించినా పెద్దగా ఫలితం ఉండదు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే కొలవండి.

కంప్యూటర్ ఆడించే ప్రత్యర్థుల (ఏఐ) తెలివి చూడాలంటే కష్టమైన లెవెల్ పనికిరాదు. సివ్ 6లో అన్నిటికన్నా కష్టమైన డీటీ లెవెల్లో ప్రత్యర్థి మూడు సెట్లర్లతో (కొత్త ఊరు కట్టే దళాలు) మొదలవుతాడు, మీకు ఒక్కటే. అక్కడ ఓడితే ఓడించింది ఆ అదనపు బలం. ఎవరికీ బోనస్ లేని ప్రిన్స్ లాంటి లెవెల్లో పక్క రాజ్యంతో యుద్ధం పెట్టుకోండి. ఒక గడిలో ఒకే దళం నిలిచే గేముల్లో, విలుకాళ్లు కత్తివీరుల వెనక నిలబడుతున్నారా, ముందుకొచ్చి చస్తున్నారా? కోట ముట్టడికి తగిన యంత్రాలు తెస్తున్నారా? ఈ రెండూ చూస్తే చాలు.

ఎర్లీ యాక్సెస్ (పూర్తికాకముందే అమ్మకానికి పెట్టిన) గేమ్ ఉంచుకుంటే సేవ్ ఫైళ్లు జాగ్రత్త. పెద్ద ప్యాచ్ (అప్‌డేట్) వచ్చాక పాత సేవ్ తెరుచుకోకపోవచ్చు. స్టీమ్ లైబ్రరీలో గేమ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అప్‌డేట్స్‌కు వెళ్లి, గేమ్ తెరిచినప్పుడు మాత్రమే అప్‌డేట్ అయ్యేలా పెట్టండి. బీటాస్ ట్యాబ్‌లో పాత వెర్షన్ ఇచ్చి ఉంటే, నడుస్తున్న ఆట దాని మీదే ముగించండి. క్లౌడ్ ఒక్కటే నమ్ముకోవద్దు, పాడైన సేవ్ కూడా అక్కడికి చేరుతుంది. సేవ్ ఫోల్డర్‌ను (సివ్ 6కు విండోస్‌లో మామూలుగా డాక్యుమెంట్స్‌లోని మై గేమ్స్ కింద ఉంటుంది) ప్యాచ్‌కు ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. మోడ్లు (ఆటగాళ్లు తయారుచేసిన మార్పులు) ఉంటే ప్యాచ్ రోజున అన్నీ ఆపేసి, గేమ్ సరిగ్గా తెరుచుకున్నాక ఒక్కొక్కటే ఆన్ చేయండి.