విజయవాడ ఎండల్లో ఐరోపా మోటార్‌సైకిల్: లక్షణం, కారణం, పరిష్కారం

డుకాటి, ట్రయంఫ్, బీఎండబ్ల్యూ, కేటీఎం బండ్లలో ఏదైనా మొరాయించిందంటే విజయవాడలోనైనా గుంటూరులోనైనా మొదట వినిపించే మాట "ఇవి మన ఎండలకు ఆగవు" అన్నదే. ఈ మాటను నేను అంగీకరించను. రోహిణి కార్తెలో 45 డిగ్రీలకు చేరే ఊళ్లలో ఏ ఇంజనుకైనా శ్రమ ఎక్కువే. సరైన కూలెంటు (ఇంజనును చల్లబరిచే ద్రవం), ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ, గడువుకు మార్చిన ఆయిలు ఉన్న ఐరోపా బండి ఆ శ్రమను చక్కగా తట్టుకుంటుంది. అయితే చిన్న లోపాన్ని ఇది చాలాకాలం దాచిపెట్టుకోదు. ఒక వోల్టు తగ్గినా, ఒక గొట్టం పగిలినా వెంటనే దీపం వెలిగించి చెబుతుంది. ఆ దీపాన్ని చూసి కంగారుపడి ఖరీదైన భాగాలు మార్చడం వల్ల డబ్బు పోతుంది గానీ లోపం పోదు. కనుక స్పానర్ పట్టుకునే ముందు, ఆ లక్షణం ఎప్పుడు కనిపిస్తోందో రాసి పెట్టుకోవాలి. బండి ఆగి ఉన్నప్పుడా, వేగంలో ఉన్నప్పుడా, చల్లగా ఉన్నప్పుడా, బాగా కాగిన తరువాతా, కడిగించిన మర్నాడా అన్నది తెలిస్తే సగం కారణం తెలిసినట్లే. మిగిలిన సగానికి ఒక మంచి మల్టీమీటర్, ఆ మోడల్ సర్వీసు మాన్యువల్ చాలు.

సమస్య: ఉష్ణోగ్రత పెరిగిపోవడం

బెంజి సర్కిల్ వంతెన కింద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మీటరు మీది ఉష్ణోగ్రత గీతలు పైకి ఎగబాకి, మంగళగిరి వైపు జాతీయ రహదారి ఎక్కగానే మళ్లీ కిందికి దిగుతున్నాయంటే రేడియేటర్ గుండా కూలెంటు బాగానే ప్రవహిస్తోందని, ఆగి ఉన్నప్పుడు గాలి మాత్రమే అందడం లేదని అర్థం. అంటే అనుమానించవలసింది ఫ్యాన్‌ను. చాలా బండ్లలో కూలెంటు 100 డిగ్రీలు దాటిన తరువాత ఫ్యాన్ తిరగడం మొదలవుతుంది. అది తిరగకపోతే దాని కనెక్టరు విప్పి, బ్యాటరీ నుంచి ఫ్యూజు ఉన్న వైర్లతో నేరుగా 12 వోల్టులు ఇచ్చి చూడాలి. అప్పుడు తిరిగితే లోపం ఫ్యూజులోనో, రిలేలోనో, ఉష్ణోగ్రత సెన్సరులోనో ఉంటుంది. అప్పుడూ తిరగకపోతే, లేదా మూలుగుతూ నెమ్మదిగా తిరిగితే ఫ్యాన్ మోటారు మార్చవలసిందే.

దీనికి విరుద్ధంగా, ఊళ్లో బాగానే ఉండి రహదారిపై వేగం అందుకున్న కొద్దీ వేడి పెరుగుతుంటే ఫ్యాన్ జోలికి పోనవసరం లేదు. ఆ వేగంలో ఫ్యాన్ కన్నా ఎదురుగాలి ఎక్కువ పని చేస్తుంది. అప్పుడు చూడవలసినవి మట్టి, పురుగులు పట్టి మూసుకుపోయిన రేడియేటర్ రెక్కలు, పూర్తిగా తెరుచుకోని థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంటు దారి తెరిచే కవాటం), అరిగిన వాటర్ పంపు. పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం దగ్గర కూలెంటు రంగు చార కనిపిస్తే లోపలి సీలు పోయినట్లే. ఆ రంధ్రం లోపాన్ని బయటకు చూపించడానికే పెట్టింది కనుక దాన్ని మూయకూడదు. రేడియేటర్ రెక్కలను వెనుక వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడి ఉన్న నీళ్లతో కడగాలి. వాటర్ సర్వీసింగ్ పంపును దగ్గరగా పెడితే మెత్తని అల్యూమినియం రెక్కలు వంగిపోయి, ఉన్న గాలి దారి కూడా మూసుకుపోతుంది.

కూలెంటు విషయంలో మన దగ్గర జరిగే నష్టం ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. కొద్దిగా తగ్గింది కదా అని ప్రతిసారీ కుళాయి నీళ్లు కలిపితే వాటిలోని లవణాలు లోపల పొరగా పేరుకుని వేడిని బయటకు పోనివ్వవు. పైగా తుప్పును అడ్డుకునే రసాయనాలు పలుచబడతాయి. ఇథిలీన్ గ్లైకాల్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిసిన ద్రవం సాధారణ పీడనంలో దాదాపు 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. రేడియేటర్ మూత సుమారు 1.1 బార్ పీడనాన్ని నిలబెట్టగలిగితే ఆ హద్దు 125 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి స్ప్రింగు బలహీనపడిన మూత ఒక్కటి చాలు, మంచి కూలెంటు కూడా పొంగి రిజర్వాయరు నుంచి బయటికి కారడానికి. మూతను ఇంజను పూర్తిగా చల్లారాకే తెరవాలి. కూలెంటు మార్చిన వెంటనే గీతలు ఒక్కసారిగా పైకి కిందికి గెంతుతుంటే లోపల గాలి బుడగ చిక్కుకుందని గ్రహించి, మాన్యువల్ చెప్పిన పద్ధతిలో ఆ గాలి తీయాలి.

రాయి తగిలి అల్యూమినియం రేడియేటర్‌కు చిల్లు పడితే కొత్తది తెప్పించడమే మార్గం అనుకోనక్కరలేదు. ఆటోనగర్‌లో ఆర్గాన్ వెల్డింగ్ బాగా చేసేవారిని వెతికి పట్టుకుంటే అతుకు ఏళ్ల తరబడి నిలుస్తుంది. లారీల ఇత్తడి రేడియేటర్లకు వేసే టంకం మాత్రం దీనికి పనికిరాదు.

సమస్య: సెల్ఫ్ తీసుకోకపోవడం, ఒకేసారి నాలుగైదు దీపాలు వెలగడం

బటన్ నొక్కగానే ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్, ఇంజను దీపాలు కలిసి వెలిగి, మీటరు ఒక్క క్షణం ఆరిపోయి మళ్లీ వెలిగితే, అన్నీ ఒకే రోజున పాడయ్యాయని నమ్మడం కన్నా వాటన్నింటికీ కరెంటు ఇచ్చే బ్యాటరీని అనుమానించడం న్యాయం. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో ఉదయం బ్యాటరీ వోల్టేజి కొలవాలి. 12.7 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్లు, 12.4 అయితే పావు వంతు ఖర్చయినట్లు, 12 దగ్గరికి వస్తే దాదాపు అయిపోయినట్లు. తరువాత సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు కొలవాలి. నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీ కూడా అప్పుడు 10 వోల్టుల కిందికి బాగా పడిపోతే దాని ఆయుష్షు తీరింది. ఎండ వేడికి బ్యాటరీలు త్వరగా ముసలివవుతాయి. సీటు కింద సిలిండరుకు దగ్గరగా బ్యాటరీ ఉండే బండ్లలో ఇది మరీ త్వరగా జరుగుతుంది.

బ్యాటరీ మంచిదే అయితే వైర్లను పరీక్షించాలి. బ్యాటరీ నెగెటివ్ కొసకూ ఇంజను లోహానికీ మధ్య మీటరు పెట్టి సెల్ఫ్ నొక్కినప్పుడు 0.3 వోల్టుల కన్నా ఎక్కువ చూపిస్తే ఎర్త్ వైరు కొసల దగ్గర తుప్పు ఉంది. విప్పి, గీకి, శుభ్రం చేసి బిగించాలి. ఈ చిన్న పని చేయకుండా సెల్ఫ్ మోటారు మార్చిన బండ్లు ఎన్నో ఉన్నాయి.

ఉదయం బాగా స్టార్టయి, గంటసేపు తిప్పిన తరువాత సెల్ఫ్ తీసుకోవడం మానేసే బండిలో ఛార్జింగ్ వ్యవస్థను చూడాలి. ఇంజను 5,000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుండగా బ్యాటరీ కొసల వద్ద 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. 15 దాటితే వోల్టేజిని హద్దులో ఉంచే రెగ్యులేటర్ అదుపు తప్పింది. వెంటనే బండి నడపడం ఆపాలి, లేకపోతే ఈసీయూకే (ఇంజనును నియంత్రించే కంప్యూటరుకే) ప్రమాదం. 13 కన్నా తక్కువ ఉంటే స్టేటర్ (ఇంజనులో కరెంటు పుట్టించే తీగచుట్ట) నుంచి వచ్చే మూడు వైర్ల కనెక్టరును విప్పి చూడాలి. అది నల్లబడి, ప్లాస్టిక్ కరిగి ఉంటే చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. కనెక్టరు బాగుంటే ఆ మూడు వైర్లలో ప్రతి జతకూ మధ్య నిరోధం సమానంగా, చాలా తక్కువగా ఉండాలి, ఏ వైరుకూ ఇంజను లోహంతో సంబంధం ఉండకూడదు, ఇంజను తిరిగేటప్పుడు మూడు జతల్లోనూ ఏసీ వోల్టేజి సమానంగా రావాలి. ఈ పరీక్షను చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బండి బాగా కాగిన తరువాత ఇంకోసారి చేయాలని గట్టిగా చెబుతాను. ఎందుకంటే తీగ మీది పూత వేడిలో మాత్రమే విఫలమయ్యే స్టేటర్ చల్లగా ఉన్నప్పుడు నిర్దోషిగా కనిపిస్తుంది. రీవైండింగ్ చేయించేటట్లయితే 180 డిగ్రీలు తట్టుకునే తీగనే వాడమని ముందే మాట తీసుకోవాలి.

వారం రోజులు ఆపితే చాలు బ్యాటరీ చచ్చిపోయే బండిలో దొంగ ఖర్చు ఏదో ఉంది. జీపీఎస్ ట్రాకర్, మొబైల్ ఛార్జర్, అదనపు లైట్ల రిలే వంటివి 30 మిల్లీ యాంపియర్లు తాగుతున్నా రోజుకు 0.72 యాంపియర్ అవర్ పోతుంది. అంటే 10 యాంపియర్ అవర్ బ్యాటరీ రెండు వారాల్లో ఖాళీ అవుతుంది, సెల్ఫ్ అంతకు చాలా ముందే మొండికేస్తుంది. అలాంటి వాటిని ఇగ్నిషన్ ఆపగానే ఆగిపోయే లైను మీదికి మార్చాలి.

సమస్య: ఐడ్లింగ్‌లో ఆగిపోవడం

క్లచ్ పట్టుకుని సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి ఇంజను ఆగిపోతుంటే థ్రాటిల్ బాడీలో పేరుకున్న మసి, పగిలిన వాక్యూమ్ గొట్టం, బ్యాటరీ తీసి పెట్టడం వల్ల ఈసీయూ మరిచిపోయిన సర్దుబాట్లు ఈ క్రమంలోనే చూడాలి. శుభ్రం చేసిన తరువాత చల్లటి ఇంజనును యాక్సిలరేటర్ తాకకుండా స్టార్ట్ చేసి వదిలేస్తే ఈసీయూ తన లెక్కను మళ్లీ నేర్చుకుంటుంది. కేటీఎం 390 యజమానులు దీనికి 15 నిమిషాలు ఇస్తారు, ట్రయంఫ్ వారు సుమారు 12 నిమిషాలు. ఈ పని తెల్లవారుజామున నీడలో చేయాలి.

ఇంజను చప్పుడు మారి, చల్లగా ఉన్నప్పుడు స్టార్టింగ్ కష్టమవుతుంటే వాల్వుల (కవాటాల) సందులు కొలిపించే సమయం వచ్చింది. డుకాటి బండ్లలో కవాటాలను మూసే పని కూడా స్ప్రింగులకు బదులు డుకాటి ఇంజనీరు ఫాబియో టాగ్లియోని 1956లో రేసు బండికి అమర్చిన డెస్మో పద్ధతిలో ప్రత్యేక రాకర్లే చేస్తాయి కనుక తెరిచే సందు, మూసే సందు రెండూ కొలవాలి. కవాటాలను నడిపే బెల్టులు ఉన్న మోడళ్లలో కిలోమీటర్లు తిరగకపోయినా బెల్టుకు వయసు మీద పడుతుంది. మాన్యువల్ చెప్పిన ఏళ్లు దాటనివ్వకూడదు, అది తెగితే కవాటాలు, పిస్టను రెండూ పోతాయి.

సమస్య: ఎక్కువ రోజులు ఆపిన తరువాత తడబాటు, పెట్రోలు వాసన

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. శుద్ధ పెట్రోలుకు ఒక వంతుకు 14.7 వంతుల గాలి సరిపోతే, ఈ మిశ్రమానికి సుమారు 13.5 వంతులే కావాలి. ఆక్సిజన్ సెన్సరు ఉన్న బండి తనంత తానే సర్దుకుంటుంది. లేని పాత బండి తక్కువ ఇంధనంతో తిరుగుతూ తడబడుతుంది, వేడెక్కుతుంది. దానికి ఈసీయూలోని ఇంధన లెక్కను (మ్యాపు) మార్పించాలి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక వర్షాకాలంలో నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలును తీసివేసి కొత్తది పోయడమే సరైన పరిష్కారం. పాత డుకాటి, ట్రయంఫ్ మోడళ్లలోని ప్లాస్టిక్ ట్యాంకులు ఇథనాల్‌కు ఉబ్బి, బిగింపు రంధ్రాలు కుదరకుండా పోతాయి. అలాంటి బండిని ఆపి ఉంచే ముందు ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టాలి. వాసన వస్తుంటే ట్యాంకు కింది గొట్టాల క్విక్ కనెక్టర్లను, వాటి ఓ-రింగులను చూడాలి. ప్లాస్టిక్ కనెక్టరు పెళుసుబారితే లోహపుది వేయించుకోవడం మేలు. వేడి ఇంజను మీద పెట్రోలు కారుతున్న బండిని స్టార్ట్ చేయకూడదు.

సమస్య: టైరులో గాలి సరిగా ఉన్నా బండి బరువుగా తిరగడం

మధ్యాహ్నం బంకులో గాలి కొలిపించడమే దీనికి మూలం. ఉదయం 30 డిగ్రీల దగ్గర 36 పీఎస్ఐ ఉన్న టైరు, ఎండలో పరుగెత్తి 60 డిగ్రీలకు చేరితే 41 పైగా చూపిస్తుంది. ఎక్కువైందని 36కు దించితే మర్నాడు ఉదయానికి 32 కన్నా తక్కువకు పడిపోతుంది. కొలత ఎప్పుడూ చల్లటి టైరుకే. బీఎండబ్ల్యూ బండ్లలో మీటరు మీద కనిపించే అంకె 20 డిగ్రీలకు సరిచేసినది కనుక బంకు గేజీతో అది కలవకపోవడం లోపం కాదు.

సమస్య: బ్రేకు, క్లచ్ లీవరు మెత్తబడటం

కొండవీడు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకు లీవరు లోపలికి పోతుంటే ద్రవం తేమ పీల్చుకుంది. కొత్త డాట్ 4 రకం బ్రేకు ద్రవం కనీసం 230 డిగ్రీల వరకూ మరగదు. తేమ చేరిన తరువాత ఆ హద్దు 155కు పడిపోవచ్చు. రెండేళ్లకు ఒకసారి మార్చాలి. క్లచ్ విషయంలో మాత్రం జాగ్రత్త: కొన్ని బీఎండబ్ల్యూ, కేటీఎం మోడళ్లలో ఉండే మాగురా కంపెనీ హైడ్రాలిక్ క్లచ్‌కు మినరల్ ఆయిలే పోయాలి. అందులో డాట్ 4 పోస్తే సీళ్లు పాడవుతాయి. మూత మీద రాసినది చదవకుండా ఎవరినీ ఏదీ పోయనివ్వకూడదు.

సమస్య: కడిగించిన తరువాత మిస్సింగ్, వరద నీటిలో మునగడం

కడిగించిన మర్నాడు ఒక సిలిండరు సరిగా కొట్టకపోతే ప్లగ్ గుంటలో నీళ్లు నిలిచాయి. అక్కడి డ్రెయిన్ రంధ్రం మట్టితో మూసుకుపోయి ఉంటుంది. గాలి కొట్టి ఆరబెట్టి, రంధ్రం తెరిస్తే చాలు.

మునిగిన బండి సంగతి వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతం మునిగినప్పుడు ఎన్నో వాహనాలు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. అలాంటి బండి బయటపడగానే స్టార్ట్ చేసి చూడాలన్న ఆత్రుతే దానికి అసలు శత్రువు. నీళ్లు అణగవు కాబట్టి సిలిండరులో అవి ఉండగా సెల్ఫ్ నొక్కితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. మొదట బ్యాటరీ వైర్లు తీసేయాలి. ఎయిర్ బాక్సు విప్పి ఫిల్టరు పారేసి, ప్లగ్గులు తీసి, టాప్ గేరులో వెనుక చక్రాన్ని చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపాలి. ఆయిలు పాలలా తెల్లబడి ఉంటే దించి, చవకైన ఆయిలు పోసి కొద్దిసేపు తిప్పి మళ్లీ దించాలి, ఆ తరువాతే అసలు ఆయిలు, కొత్త ఫిల్టరు వేయాలి. పెట్రోలు, బ్రేకు ద్రవం మార్చాలి. షాఫ్ట్ డ్రైవ్ (చైనుకు బదులు కడ్డీతో చక్రాన్ని తిప్పే పద్ధతి) ఉన్న బీఎండబ్ల్యూ అయితే ఫైనల్ డ్రైవ్ ఆయిలు కూడా మార్చాలి. కనెక్టర్లన్నీ విప్పి, ఆరబెట్టి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆ తరువాతే బ్యాటరీ కలపాలి. చక్రాల, స్వింగ్ ఆర్మ్, స్టీరింగ్ బేరింగుల్లో దాగిన బురద నెల తిరిగేసరికి తుప్పుగా మారుతుంది కనుక, బండి నడుస్తోంది కదా అని వాటిని వదిలేయకుండా విప్పించి కొత్త గ్రీజు పెట్టించాలి.